నేను ఓనరమ్మనైన కొత్తలో

పెళ్లయిన దగ్గర్నుంచి మేము ఎవరి ఇంట్లోనో కిరాయికే ఉన్నాం. మా ఆయన బస్సు డ్రైవరు. ఆయనకు ఏ డిపోలో డ్యూటీ పడితే అదే మా ఊరయ్యేది. మొదట మహబూబ్‌నగర్, తర్వాత జడ్చర్ల, ఆ తర్వాత నల్లగొండ. ప్రతి ఊళ్లోనూ మాకొక ఓనరమ్మ ఉండేది. జడ్చర్ల ఓనరమ్మ మా గుమ్మం ముందు చెప్పులు చూసి, మా ఇంటికి ఎందరు చుట్టాలు వచ్చారో, ఎన్ని బకెట్ల నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయో లెక్క చెప్పేది. మహబూబ్‌నగర్ ఓనరమ్మ మనిషి మంచిదే గానీ గోడకు మేకు కొట్టనిచ్చేది కాదు. దేవుడి పటాలు, అద్దం, క్యాలెండరు అన్నీ కిటికీ చువ్వలకు తాళ్లతో వేలాడదీసుకునేవాళ్లం. ఫ్యాను వేస్తే దేవుళ్లందరూ ఊగేవాళ్లు. ఫ్యాను ఆపి దండం పెట్టుకుని మళ్లీ వేసుకునేదాన్ని.

ఎప్పుడన్నా నాకంటూ ఒక ఇల్లుండి, దాంట్లో ఎవరన్నా కిరాయికి దిగితే, వాళ్లను ఇట్లా మాత్రం చూడనని అప్పట్లో మనసులో గట్టిగా అనుకునేదాన్ని. అనుకోవడం తేలికే. అప్పటికి నాకు గోడలు లేవు కదా.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నల్లగొండలో, పానగల్ పోయే తోవలో కొంచెం జాగా కొని ఇల్లు కట్టుకున్నాం. నేను దగ్గర్లోని ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలిద్దరూ హాస్టళ్లలో చదువుతున్నారు. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్తమ్మ. కిందిది పూర్తయ్యాక, పైన కూడా ఒక పోర్షన్ వేస్తే కిరాయి వస్తుందని, లోను బరువు తగ్గుతుందని ఆయన అన్నాడు. సరే అన్నాను. రెండు గదులు, వంటిల్లు, ముందర చిన్న వరండా.

విచిత్రమేమిటంటే, మేము ఉండే కిందింటి మీద లేని ప్రేమ నాకు ఆ పై పోర్షన్ మీద పుట్టింది. స్లాబు పోసినప్పుడు పొద్దున డ్యూటీకి పోయేముందు, సాయంత్రం రాగానే నేనే పైకెక్కి మళ్లు కట్టిన నీళ్లు ఎండిపోకుండా చూసేదాన్ని. రంగు నేనే ఏరుకున్నాను, లేత పిస్తా రంగు. వంటింటి గట్టు నా ఎత్తుకు కాకుండా కొంచెం కిందికి పెట్టించాను, ఎవరు వస్తారో ఏమోనని. పని అయిపోయాక సాయంత్రాలు ఊరికే పోయి ఆ ఖాళీ గదుల్లో నిలబడేదాన్ని. వరండాలోంచి చూస్తే పొలాలు, వాటి వెనక గుట్టలు కనబడేవి. ఇంత మంచి గాలి వచ్చే ఇంట్లో నేను ఎప్పుడూ కిరాయికి ఉండలేదు.

ఒక అట్టముక్క మీద 'ఇల్లు కిరాయికి ఇవ్వబడును' అని ఆయన రాసి గేటుకు కట్టాడు. మొదట వచ్చినవాళ్లు చూసి పోయారు. ఒకాయన ఇంట్లో ఉండడానికి కాదు, ఎరువుల బస్తాలు పెట్టుకోవడానికి అడిగాడు. నా పిస్తా రంగు గోడలకు ఎరువుల బస్తాలు ఆనించి ఉండడం ఊహించుకుని, ఆయన ఇంకా మెట్లు దిగకముందే కాదన్నాను.

తర్వాత ఒక ఆదివారం పొద్దున ఒక జంట వచ్చింది. భర్త బత్తాయి మార్కెట్లో ట్రాలీ ఆటో నడుపుతాడు. భార్య బట్టలు కుడుతుంది. ముస్లింలు. ఆమెకు ముప్పై దాటి ఉండవు. బురఖా ముసుగు వెనక్కి వేసుకుని, చేతిసంచీలోంచి టేపు తీసి మొదటి గది కిటికీ పక్కన గోడను కొలిచింది. మిషన్ అక్కడ పడుతుందో లేదో చూసుకుంటున్నదని తర్వాత అర్థమైంది. ఆ తర్వాత వంటింట్లోకి పోయి నల్లా తిప్పి, నీళ్ల ధార కింద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

"అక్కా, మీటర్ సపరేటేనా?" అని అడిగింది.

"లేదు, ఒక్కటే ఉంది," అన్నాను.

"మరి కరెంటు బిల్లు ఎట్ల పంచుకుందం? నాది మిషన్ పని. మీకు నష్టం కావద్దు, నాకూ కావద్దు."

ఆ సంగతి నేను అసలు ఆలోచించి పెట్టుకోలేదు.

"మోటర్ ఎవలు ఏస్తరు? ఏదన్న ఖరాబైతే ఎవలు చేపిస్తరు? మేం ఖాళీ చెయ్యాల్నంటే ఎన్ని రోజుల ముందుగాల చెప్తరు?"

ఈ ప్రశ్నలన్నీ నేను ఎన్నో గుమ్మాల ముందు నిలబడి అడిగినవే. జవాబులు మాత్రం ఎప్పుడూ అవతలివాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు అవతల నేనున్నాను, నా దగ్గర ఒక్క జవాబూ లేదు. నాకు నవ్వొచ్చింది.

"చెల్లె, నిజం చెప్పాల్నంటే నేను ఇల్లు కిరాయికి ఇచ్చుడు గిదే మొదలు. గివన్నీ ఆలోచించుకుని రేపు చెప్తా," అన్నాను.

ఆమె కూడా నవ్వింది. "కొత్త ఓనర్లే మంచిదక్కా. పాతోళ్లు మస్తు గట్టిగ ఉంటరు."

వాళ్లు పోగానే పక్కింటి ఆమె గోడ మీంచి పిలిచి, "వాళ్లకిస్తరా ఏంది?" అని అడిగింది. ఆ 'వాళ్ల' మీద కొంచెం బరువు పెట్టి అడిగింది. నాకు గుర్తొచ్చింది వేరే. కిరాయి ఇండ్లు వెతుక్కుంటూ తిరిగిన రోజుల్లో, గుమ్మంలోనే "మీరేంటోళ్లు?" అని అడిగేవాళ్లు. కులం చెప్పగానే, "అయ్యో, నిన్ననే ఇచ్చేసినం," అనేవాళ్లు. తిరిగి వస్తూ చూస్తే బోర్డు గేటుకు అట్లాగే వేలాడుతూ ఉండేది. మా ఆయన ముందు నడిచేవాడు, నేను పిల్లను చంకనేసుకుని వెనక నడిచేదాన్ని.

"మంచిగ మాట్లాడింది. ఇస్తనే అనుకుంటున్న," అని పక్కింటామెకు చెప్పాను.

అత్తమ్మ మాత్రం ఒకటే అడిగింది. "మెట్ల మీద చెప్పులు ఠపఠప కొట్టుకుంట నడుస్తరా, మెల్లగ నడుస్తరా?" ఆమెకు మధ్యాహ్నం నిద్ర ముఖ్యం.

మా ఆయన డిపోలో తనకంటే పెద్ద డ్రైవరొకాయనను అడిగి వచ్చాడు. ఆయనకు ఊళ్లో రెండిండ్లు కిరాయికి ఉన్నాయట. స్టాంపు కాగితం మీద అన్నీ రాసుకోవాలని, ఏది నోటిమాటగా వదిలెయ్యొద్దని, ఆధార్ జిరాక్సులు తీసుకోవాలని, పైకి వేరే మీటరు పెట్టించాలని ఆయన చెప్పాడు. మర్నాడు వాళ్లు వస్తే నలుగురం మా ముందుగదిలో కూర్చుని ఒక్కొక్కటే మాట్లాడుకున్నాం. గోడలు, స్లాబు, పైపులు, మోటారు మావి. బల్బులు, నల్లా వాషర్ల లాంటి చిన్నచిన్నవి వాళ్లవి. ఖాళీ చెయ్యాలంటే ఎవరైనా నెల ముందుగా చెప్పాలి. చివర్లో ఆమె భర్త, "ట్రాలీ గేటు లోపట పెట్టుకోవచ్చా సార్?" అని అడిగాడు. మా ఆయన లేచి పోయి గేటు వెడల్పు చూసి వచ్చి, "పడతది తమ్మీ, పెట్టుకో," అన్నాడు. పై మీటరు కోసం మేము దరఖాస్తు పెట్టుకున్నాం, అది రాగానే వాళ్లు దిగారు.

వాళ్లు దిగిన రోజు సామాను అంతా పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. నేను వంటింట్లో ఉన్నాను. పైనుంచి ఠక్, ఠక్ అని చప్పుడు. ఒక్క క్షణం ఆగి మళ్లీ ఠక్. మేకు కొడుతున్నారు. ఆ దెబ్బ గోడ మీద కాదు, నా గుండెల మీద పడ్డట్టే అయింది. చేతిలో గరిటె అట్లాగే పట్టుకుని బయటికొచ్చి మెట్లెక్కాను. సగం మెట్ల దాకా పోయాక నా కాళ్లు ఆగిపోయాయి. పోయి ఏమనాలి? మహబూబ్‌నగర్ ఓనరమ్మ గొంతు నా నోటికొచ్చి నిలబడి ఉంది. నేను అన్న ఒక్కొక్క మాటా ఆమె అన్నదే అవుతుంది. గరిటెలోంచి పప్పు మెట్టు మీద కారుతుంటే వెనక్కి దిగి వచ్చాను.

"ఏమైంది పిల్లా?" అంది అత్తమ్మ.

"మేకులు కొడుతున్నరు, అత్తమ్మా."

"మరి గోడలెందుకున్నయి?" అందామె, చాలా మామూలుగా.

ఓనర్లందరూ చెడ్డవాళ్లు కాదని ఆ రోజు నాకు మొదటిసారి తోచింది. ఆ మహబూబ్‌నగర్ ఆమె కూడా స్లాబు మీద పొద్దునా సాయంత్రం నీళ్లు పోసుకున్న మనిషే అయ్యుంటుంది. కాకపోతే ఆమె మెట్ల మధ్యలో ఆగలేదు. అంతే తేడా.

ఇంకో సంగతి నీళ్లది. మోటారు స్విచ్చు మా ముందుగదిలో, అత్తమ్మ మంచం ఉన్నచోట పెట్టించుకున్నాం. నేను పొద్దున ట్యాంకు నింపి డ్యూటీకి పోయేదాన్ని. ఎండాకాలం మొదలయ్యాక, ఒకరోజు తొందరగా ఇంటికొస్తుంటే, పై ఆమె సందు చివరి బోరు దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేంది చెల్లె? ట్యాంకుల నీళ్లు లేవా?"

"పగటీలి అయిపోతున్నయక్కా. అవ్వ పండుకుంటది కదా, లేపుడెందుకని..."

వారం నుంచి అట్లాగే మోసుకుంటున్నదట. మా తలుపు కొట్టి అడగడానికి మొహమాటం. జడ్చర్లలో నేనూ ఇట్లాగే మొహమాటపడి పిల్లల గుడ్డలు రెండు రోజులు ఉతక్కుండా పెట్టిన సంగతి గుర్తొచ్చింది. మర్నాడే కరెంటు పనివాణ్ణి పిలిచి మెట్ల కింద ఇంకో స్విచ్చు పెట్టించాను. ట్యాంకు ఖాళీ అయితే ఎవరికి కావాలంటే వాళ్లు వేసుకోవచ్చు. చిన్న పనే. కానీ ఆ స్విచ్చు పెట్టించాక పై ఇంటి నీళ్ల గురించి నేను ఆలోచించడమే మానేశాను, ఆమె కూడా నన్ను అడిగే అవసరం లేకుండా పోయింది. ఇద్దరికీ అదెంతో హాయి.

కుట్టుమిషన్ సంగతి అంత తేలిగ్గా తేలలేదు. పెళ్లిళ్ల కాలం వచ్చేసరికి పైన మధ్యాహ్నమంతా మిషన్ నడిచేది. దానికి మోటారు కూడా బిగించుకుంది. ఆ గుయ్యిమనే చప్పుడు సరిగ్గా అత్తమ్మ మంచం మీదికే దిగేది. అత్తమ్మ మొదట దుప్పటి కప్పుకుంది. తర్వాత మంచం జరిపించింది. తర్వాత నన్ను కూర్చోబెట్టి, "నువ్వు ఓనరువా కాదా? పోయి చెప్పు," అంది.

నేను పోయి చెప్పలేకపోయాను. మిషన్ నడిస్తేనే ఆమె ఇల్లు నడుస్తుంది. ఆ మిషన్ పని చూసే కదా ఇల్లిచ్చింది. రెండు రోజులు అటూ ఇటూ నాన్చాను. మూడోనాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్తమ్మ మంచం ఖాళీగా ఉంది. వెతికి వెతికి పైకి పోతే, మిషన్ పక్కన చాప మీద కూర్చుని, చుట్టూ గుడ్డ పీలికలు కుప్పేసుకుని, రంగులు ఏరుకుంటూ ఉంది.

"లొల్లి పెట్టుకుందామనే వచ్చిన," అంది నన్ను చూసి, ఏ దాపరికమూ లేకుండా. "గీ పోరి ఇంత మంచి గుడ్డలు ఊడ్చి పారేస్తాందే! పట్టు ముక్కలు, జరీ ముక్కలు! బొంత కుట్టొచ్చు కదా గీటితోని."

పై ఆమె కాలు మిషన్ మీదే ఉంచి నవ్వుతూ, "అవ్వా, నాకు బొంత కుట్టరాదు. నువ్వు నేర్పు," అంది.

ఆ రోజు నుంచి అత్తమ్మ మధ్యాహ్నం నిద్ర పైనే. చాప మీద బొంత కుడుతూ కుడుతూ ఆ మిషన్ చప్పుడు పక్కనే ఒరిగి పడుకునేది. కింద ఉంటే పట్టని నిద్ర అక్కడ ఎట్లా పట్టేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. ముసురు పట్టి విడవలేదు. ఒకరోజు నేను తడిసి ముద్దై ఇంటికి వచ్చేసరికి పై ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"అక్కా, జర పైకి రా. ఇల్లు ఉరుస్తాంది."

లోపలి గదిలో, కుట్టిన బట్టలు పెట్టే మంచానికి సరిగ్గా పైన, స్లాబు మీద పెద్ద తడిమచ్చ. దాని నడుమ నుంచి చుక్క తర్వాత చుక్క. మంచం మీద పెళ్లికూతురి జాకెట్టు. గంధం రంగు పట్టు మీద మగ్గం పని చేసినది. దాని పక్కన పెట్టిన ఎర్ర లైనింగు గుడ్డ తడిసి, రంగు దిగి, జాకెట్టు వీపు మీదంతా ఎర్రగా పారింది. ఆమె ఏడవలేదు. తువ్వాలుతో అద్దుతూనే ఉంది. అద్దితే పోయేది కాదని ఇద్దరికీ తెలుసు.

"మోత్కూరోళ్లది అక్కా. వచ్చే వారమే పెండ్లి."

మంచం జరిపి, చుక్క కింద గిన్నె పెట్టి, తడవని బట్టలన్నీ కిందికి తెచ్చాం. సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. పొద్దంతా వానలో బస్సు నడిపి వచ్చిన మనిషి. విసుగ్గా ఉన్నాడు.

"వాన మనం కురిపించినమా? గిన్నె పెట్టిన్రు కదా. తగ్గినంక చూద్దం," అన్నాడు.

"జడ్చర్లల ఇల్లు ఉరిసినప్పుడు మనకు గిదే మాట చెప్పిన్రు. పిల్ల ఉయ్యాల మీద పడ్డయి నీళ్లు. నువ్వు రాత్రంతా పిల్లను ఎత్తుకునే కూసున్నవు. యాదికుందా?"

ఆయన తుడుచుకుంటున్న తువ్వాలు దండెం మీద వేశాడు. తర్వాత అదే తడిచొక్కా మళ్లీ తొడుక్కుని మా ఇల్లు కట్టిన మేస్త్రీ ఇంటికి పోయాడు.

మేస్త్రీ వచ్చి మీదికెక్కి చూసి, నీళ్లు జారిపోయే వాటం సరిగ్గా రాలేదని ఒప్పుకున్నాడు. ఒక మూలకు నీళ్లు నిలబడుతున్నాయి. ప్రస్తుతానికి టార్పాలిన్ కప్పుతానన్నాడు. వాన తెరిపివ్వగానే పైపొర చెక్కేసి, కొత్తగా వాటం పోసి, నీళ్లు దిగకుండా మందు పూయాలి. లోపల తడిసిన చోట పెచ్చులు కూడా రాల్చాలి. అప్పటిదాకా ఆ గదుల్లో మనుషులు ఉండొద్దన్నాడు.

"మా అక్క ఇంటికి పోతం సార్," అన్నాడు ఆమె భర్త నెమ్మదిగా. ఆమె మిషన్ వైపు చూసింది. వాళ్లక్క ఇంట్లో మనుషులు పట్టడమే కష్టమని, మిషన్‌కు చోటు దొరకదని నాకు తెలుసు. పెళ్లిళ్ల కాలంలో పని ఆగితే పోయిన గిరాకీ మళ్లీ రాదు.

"మీరెక్కడికీ పోవద్దు. కింద మా ముందుగదిల ఉండున్రి," అన్నాను. ఆయనను అడగలేదు, అత్తమ్మను అడగలేదు. అనేశాక ఇద్దరి ముఖాలూ చూశాను. ఆయన తల ఊపాడు. అత్తమ్మ అప్పటికే ముందుగదిలోని తన మంచం మీది పక్క చుట్టేస్తోంది.

అట్లా మా కిరాయివాళ్లు మా ఇంట్లోకే దిగారు. మొదటి రెండు మూడు రోజులు అందరికీ ఇబ్బందే. మా ఆయన బనీను మీద బయటికి రావడానికి లేదు. ఆమె భర్త మా ముందు కూర్చుని అన్నం తినడానికి సిగ్గుపడి ట్రాలీలోనే తినేవాడు. మార్కెట్లో మిగిలిన బత్తాయిలు మాత్రం రోజూ సంచీ నిండా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి పోయేవాడు. తర్వాత తర్వాత పొయ్యి దగ్గర వంతులు కుదిరాయి, స్నానాలకు వంతులు కుదిరాయి, ఆమె భర్త కూడా లోపలికొచ్చి మాతో పాటు కూర్చుని తినడం మొదలుపెట్టాడు.

వాన ఆగి పైన మేస్త్రీ పని మొదలుపెట్టిన రోజు, స్లాబు చెక్కుతుంటే మా నెత్తి మీద ఇల్లంతా దద్దరిల్లింది. ఆమె ఉలిక్కిపడి పైకి చూసింది. తర్వాత అత్తమ్మను చూసింది.

"అవ్వా, పైనది కిందికి గింతగనం వినొస్తదా? మరి నా మిషన్..."

"నీ మిషన్ గింత లేదు తియ్యి," అంది అత్తమ్మ. "దీంట్ల సగం."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత పైకి పోయాక మిషన్ కాళ్ల కింద వేసుకోవడానికి పాత టైరు ముక్కలు తెమ్మని ఆ సాయంత్రమే భర్తకు చెప్పింది.

మోత్కూరు నుంచి పెళ్లికూతురి తల్లి వస్తుందన్న రోజు నేను సెలవు పెట్టాను. ఆమె వచ్చి జాకెట్టు చూసింది. ముఖం ఎర్రబడింది.

"మంచి పేరుందని నీకిస్తే గిట్లనా చేసేది? పిల్లకు ఏం చూపియ్యాలె నేను?"

పై ఆమె తలొంచుకుని, "నాదే తప్పమ్మా. మంచం జరపాల్సి ఉండె," అంది.

ఆ మాట నేను భరించలేకపోయాను. "ఆమె తప్పు కాదమ్మా," అన్నాను. "ఇల్లు నాది, ఉరిసింది నా స్లాబు. బట్ట నేను తెప్పిస్తా. ఏం చేస్తే మంచిగైతదో మీరిద్దరు మాట్లాడుకోన్రి."

పెళ్లికూతురి తల్లి నన్ను ఎగాదిగా చూసింది. ఓనర్లు ఇట్లా మాట్లాడడం ఆమె కూడా విని ఉండదు. కోపం తగ్గలేదు గానీ కూర్చుంది. పై ఆమె జాకెట్టు విప్పి పరిచింది. చేతుల మీది మగ్గం పనికి ఏమీ కాలేదు. ముందరి భాగమూ బాగానే ఉంది. పోయింది వీపు భాగమే. వీపుకు అదే రంగు కొత్త పట్టు వేసి, దాని మీద సన్నగా పూసలతో చేతిపని చేస్తే పెళ్లికి అందుతుందని చెప్పింది. పెళ్లికూతురి తల్లి నమ్మీ నమ్మనట్టు, "చూద్దం," అని పోయింది.

ఆ తర్వాతి రోజుల్లో మా ముందుగది చూడాల్సిందే. కిటికీ దగ్గర చట్రానికి పట్టు బిగించి ఆమె కూర్చునేది. గీసిన గీత మీద పూసలు కుట్టడం నాకూ నేర్పింది. అంగన్‌వాడీ నుంచి రాగానే చేతులు కడుక్కుని నేనూ కూర్చునేదాన్ని. అత్తమ్మ కళ్లకు సూది ఆనదు గానీ, పూసలు రంగుల వారీగా వేరు చేసి మూతల్లో పోసేది. మాటలు వాటంతటవే వచ్చేవి. ఆమె ఎన్ని ఇండ్లు మారిందో చెప్పింది. ఒక ఇంట్లో సాయంత్రమైతే మిషన్ ఆపాలన్నారట. ఇంకో ఇంట్లో గిరాకీలు గేటు లోపలికి రావద్దన్నారట. నేను మా జడ్చర్ల ఓనరమ్మ చెప్పుల లెక్క చెబితే ఇద్దరం కడుపుబ్బ నవ్వాం. మేమిద్దరం ఒకే ఊళ్లో పుట్టలేదు, ఒకే పండుగలు చేసుకోలేదు. కానీ ఒకేలాంటి గుమ్మాల ముందు నిలబడ్డాం. ఆ సంగతి ఆ రోజుల్లో బాగా తెలిసింది.

జాకెట్టు పెళ్లికి ముందే అందింది. పెళ్లికూతురి తల్లి దాన్ని తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా సంచీలో పెట్టుకుని పోయింది. మాకు కొంచెం నిరాశగానే అనిపించింది. పెళ్లయిన కొద్దిరోజులకు మోత్కూరు నుంచి ఇద్దరు ఆడవాళ్లు బస్సు దిగి, పానగల్ తోవలో ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆ పెళ్లిలో చూశామని, తమకూ వీపు మీద అట్లాంటి పూసల పనే కావాలని అడిగారు. పై ఆమె నా వైపు చూసిన చూపు నాకు ఇంకా కళ్లలో ఉంది.

స్లాబు ఆరాక, గదులకు మళ్లీ రంగు వేయించి వాళ్లను పైకి పంపాం. సామాను ఎక్కించేటప్పుడు మా ఆయన మిషన్‌కు ఒక కొస పట్టాడు, ఆమె భర్త ఇంకో కొస పట్టాడు. ఆ సాయంత్రం మా ముందుగది మరీ పెద్దదిగా, ఖాళీగా కనిపించింది. అత్తమ్మ తన మంచం మళ్లీ అక్కడ వేసుకుని, "ఇల్లు బోసిపోయినట్టుంది," అంది. మర్నాడు మధ్యాహ్నం యథాప్రకారం పైకి పోయింది.

వాళ్లు ఇంకా మా పై పోర్షన్‌లోనే ఉన్నారు. కాగితం ఏటేటా మళ్లీ రాసుకుంటాం. కిరాయి పెంచాల్సి వచ్చినప్పుడు ముందుగా చెప్పి, కూర్చుని మాట్లాడుకుంటాం. ఒక్కోసారి మాటామాటా అనుకుంటాం కూడా. ట్రాలీ గేటుకు తగిలి రంగు పోయినప్పుడు నేను రెండు రోజులు ముఖం ముడుచుకున్నాను. మా చుట్టాలొచ్చి నీళ్లన్నీ వాడేసినప్పుడు ఆమె ముడుచుకుంది. ఆమె ఇప్పుడు బజార్లో ఒక చిన్న షాపు కూడా కిరాయికి తీసుకుంది. పొద్దున అక్కడ, మధ్యాహ్నం నుంచి ఇక్కడ.

ఈ మధ్య జడ్చర్లలో మా చెల్లెలు కూడా ఇంటి వెనక రెండు గదులు కట్టింది. అక్కడ ఫ్యాక్టరీల్లో పనికి వచ్చేవాళ్లు చాలామంది గదుల కోసం తిరుగుతుంటారు. కిరాయికి ఇచ్చేముందు ఏమేం చూసుకోవాలో అడుగుదామని మా ఇంటికొచ్చింది. నేను, పై ఆమె ఇద్దరం వరండాలో కూర్చున్నాం. కాగితం ఎట్లా రాసుకోవాలో, మీటరు ఎట్లా పెట్టించుకోవాలో నేను చెప్పాను. ఎవరినీ గుమ్మంలో నిలబెట్టి కులం అడగొద్దని చెప్పాను. చెల్లెలు అన్నీ విని, "గివన్ని సరే. అసలు ముందుగాల ఏం చెయ్యాలె?" అంది.

నేను ఆలోచించేలోపే పై ఆమె చెప్పింది. "ముందుగాల నువ్వే పోయి ఆ గదులల్ల వారం రోజులు ఉండక్కా. అక్కడ్నే వండుకో, అక్కడ్నే పండుకో. ఏం కావాల్నో నీకే ఎరుకైతది."

చెల్లెలు నవ్వి ఊరుకుందనుకున్నాం. పోయిన వారం ఫోన్ చేసింది. నిజంగానే మొగుడూ పెళ్లాలిద్దరూ చాప, పొయ్యి, రెండు గిన్నెలు పట్టుకుని వెనక గదుల్లోకి మారారట. మధ్యాహ్నం ఎండ సూటిగా పొయ్యి మీదే పడుతుందట. బాత్రూం తలుపు తెరిస్తే బకెట్టు పెట్టడానికి చోటు లేదట. గట్టు పక్కన ప్లగ్గు లేదట. "వడ్లాయన వచ్చిండు, తలుపు తిప్పి పెట్టిస్తున్న. మళ్ల చేస్తా," అని ఫోన్ పెట్టేసింది. వెనక నుంచి వడ్రంగి సుత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది.